ఇరవై తొమ్మిదో నిమిషం

తాళం తిప్పగానే కారు స్టార్టయింది. సామ్యేలు మీద కేసు నిలబడింది ఆ ఒక్క దాని మీదే.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మణిశంకర్ ఇంజను ఆపి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ స్టార్టయింది. మూడోసారి కూడా తిప్పి, కాకినాడ స్టేషన్ ఆవరణలో చేతులు కట్టుకుని నిలబడ్డ వెంకటరాజు గారి వైపు చూశాడు.

"చాలా, ఇంకోసారి చూపించమంటారా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారూ?"

వెంకటరాజు గారు ముప్ఫై ఒక్క ఏళ్ళు రవాణా శాఖలో బండ్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగం చేసేవాళ్ళను ఈ జిల్లాల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ప్రమాదం జరిగిన బండిని విప్పి చూసి, అసలేం జరిగిందో చెప్పమని ఇప్పటికీ వకీళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. మణిశంకర్‌కి ఆయన కొత్త కాదు. పదేళ్ళ కిందట మణిశంకర్ బావమరిది లారీకి ఆయన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు, ఇద్దరూ మరిచిపోలేదు.

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి సామ్యేలుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండు రాశారంటే నెలల తరబడి జైలే. గేటు బయట అతని భార్య మెర్సీ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది. నిన్న సాయంత్రం వెంకటరాజు గారి ఇంటికి వచ్చి రెండు ముక్కలే చెప్పింది. మా ఆయన అబద్ధం చెప్పడండి. మా పాస్టరు గారు ప్రార్థన పెట్టారు, మీరు బండి చూడండి.

కార్తీక సోమవారం. వెంకటరాజు గారు నక్షత్రం చూసేదాకా ఉపవాసం. తన శివుడూ ఆవిడ ప్రభువూ ఒకే మనిషి కోసం ఒకే రోజున కదులుతారా అని పొద్దున్న దీపం పెడుతూ అనుకున్నారు.  ఆయనకి అలాంటి జవాబులు ఎప్పుడూ రాలేదు గనక, చొక్కా వేసుకుని బయలుదేరారు.

ముందు సామ్యేలుతో మాట్లాడతానన్నారు. మణిశంకర్ పది నిమిషాలిచ్చాడు.

లాకప్పులో సామ్యేలు ఎడమ కాలు చాపుకుని, కుడి మోకాలి మీద గడ్డం ఆన్చుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. రొయ్యపిల్లల హేచరీ నడిపే పెద్దిరాజు గారి దగ్గర ఎనిమిదేళ్ళుగా డ్రైవరు. శనివారం సాయంత్రం ఆ పెద్దిరాజు గారే ఉప్పాడ బీచ్ రోడ్డు పక్కన, సముద్రానికి అడ్డంగా పోసిన రాళ్ళ మధ్య తల పగిలి దొరికారు.

సామ్యేలు చెప్పింది ఇది. హేచరీ ట్యాంకుల్లో రొయ్యపిల్ల చచ్చిపోతోందని ఎవరో చెబితే, మేనేజరుకి కబురు పెట్టకుండా వెళ్ళి కళ్ళారా చూస్తానని పెద్దిరాజు గారు బయలుదేరారు. ఇంటి గేటు దాటినప్పుడు నాలుగు యాభై అయిదు. గేటు దగ్గర అమ్మగారు మాణిక్యాంబే టైము చూసి, చీకటి పడకుండా వచ్చెయ్యండి అన్నారు. ఉప్పాడ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, ఐదూ ఇరవై నాలుగుకి కారు ఆగిపోయింది. సెల్‌ఫోనుకి సిగ్నల్ లేదు. ఆయన్ని కార్లో కూర్చోబెట్టి ఇతను ఉప్పాడ నడిచాడు. ఎస్టీడీ బూత్ నుంచి మెకానిక్‌కి ఫోను చేసి, టైము అచ్చేసిన బిల్లు చీటీ తీసుకుని, ఆటో మాట్లాడుకుని తిరిగొచ్చేసరికి ఆరుంబావు. కారు ఖాళీ. ఆయన రాళ్ళలో ఉన్నారు. అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే ప్రాణం పోయింది.

పోలీసులు చెప్పేది ఇంకొకటి. ఆదివారం చర్చికి సెలవు అడిగినందుకు ఆ మధ్యాహ్నమే పెద్దిరాజు గారు ఇతన్ని నలుగురిలో తిట్టారు. కోపం మనసులో పెట్టుకుని, బండి ఆగిందని అబద్ధమాడి, ఆయన్ని దించి కొట్టాడు. తెల్లారి పోలీసులు వెళ్తే ఆ బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది మరి.

వెంకటరాజు గారు తిట్ల గురించి ఏమీ అడగలేదు.

"ఆగేముందు దగ్గిందా? తుళ్ళిందా?"

"ఏమీ లేదండి. దీపం ఊదేసినట్టు ఆగిపోయింది."

"ముల్లు చూశావా? ఇంజను ఎంత తిరుగుతోందో చూపించే ముల్లు."

సామ్యేలు తలెత్తాడు. రెండు రోజులుగా అతన్ని అందరూ ఎందుకు కొట్టావనే అడిగారు. ముల్లు గురించి ఎవరూ అడగలేదు.

"చూశానండి. బండి ఇంకా అరవైలో పోతూనే ఉంది, గేరులోనే ఉంది. ముల్లు మాత్రం సున్నాకి పడిపోయింది. తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతోంది గానీ అందుకోలేదు. అప్పుడూ ముల్లు లేవలేదు."

"ఇంతకు ముందెప్పుడైనా ఇలా చేసిందా?"

"మా బండి ఎప్పుడూ చెయ్యలేదండి. ఇదే మొదటిసారి."

వెంకటరాజు గారు లేచారు.  అబద్ధమాడేవాడు బండి దగ్గిందంటాడు, పొగ వచ్చిందంటాడు. పోయే బండిలో ముల్లు ముందే పడిపోయిందని అల్లడానికి డ్రైవరు తెలివి చాలదు. అది చూసినవాడే చెప్పాలి.

ఆవరణలోకి వచ్చేసరికి ఇంకో కారు వచ్చి ఆగింది. అదే కంపెనీ, అదే మోడలు. పెద్దిరాజు గారిది తెలుపు, ఇది బూడిద రంగు. రెండూ ఒకే రోజు కొన్నవి. దిగినవాడు మాణిక్యాంబ తమ్ముడు ఉదయ్‌భాస్కర్, హేచరీ మేనేజరు. ముప్ఫై అయిదేళ్ళవాడు, నిద్రలేని కళ్ళు, నుదుట ఆంజనేయస్వామి గుళ్ళో పెట్టుకున్న బొట్టు. బండి విప్పి చూసుకోమని అక్క తన చేత చెప్పించిందన్నాడు. సామ్యేలు మంచివాడేనండి, బావగారు కాలుజారి పడి ఉంటారు అని మెల్లగా అన్నాడు.

ఆయన రమ్మన్న ఆటో ఎలక్ట్రీషియన్ చినబాబు అప్పటికే తెల్లకారు బానెట్ ఎత్తి చూస్తున్నాడు. లోపల ఎక్కడ చూసినా ఎర్రగా కుంకుమ బొట్లే. బ్యాటరీ మీద, రేడియేటరు మీద, పైపుల మీద.

"ఇంజనా, అమ్మవారా?" అన్నాడు మణిశంకర్.

దసరాకి రెండు బండ్లూ పక్కపక్కన పెట్టి పూజ చేశామని, అక్క ఈ తెల్లకారుకి చెయ్యి పట్టిన చోటల్లా కుంకుమ పెట్టిందని ఉదయ్‌భాస్కర్ చెప్పాడు. బొట్టు బండిని కాపాడుతుందా అన్నది వెంకటరాజు గారు సర్వీసంతా తేల్చుకోలేకపోయిన ప్రశ్న. బొట్లున్న బండ్లు బోల్తాపడటం ఆయన చూశారు. తన స్కూటరుకి మాత్రం ఏటా పెడుతూనే ఉన్నారు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆదివారం పొద్దున్న మీరు ఈ బండిని అక్కణ్ణుంచి ఎంతసేపు తోలారు?"

"ఖాళీ రోడ్డు. ఇరవై నిమిషాలు. ఎక్కడా ఆగలేదు."

"సామ్యేలు లెక్కన ఆగింది ఇరవై తొమ్మిదో నిమిషానికి. మీరింకో తొమ్మిది నిమిషాలు తోలి చూడాల్సింది."

మణిశంకర్ మొహం ఎర్రబడింది. తనే తోలతానన్నాడు. ఆగకపోతే మాత్రం ఈ గేటు లోపల మళ్ళీ కనిపించకూడదన్నాడు. వెంకటరాజు గారు ఒప్పుకున్నారు.

పదకొండూ అయిదుకి బయలుదేరారు. మణిశంకర్ స్టీరింగ్ దగ్గర, పక్కన ఆయన. వెనకాల బూడిద రంగు కార్లో ఉదయ్‌భాస్కర్, చినబాబు. ఊరు దాటేసరికి పదహారు నిమిషాలు. వెంకటరాజు గారు వాచీ విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. మణిశంకర్ తన బావమరిది లారీ సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడాడు. ఇరవై నాలుగు. ఇరవై ఆరు. కుడిచేతి వైపు సముద్రం రాళ్ళను కొడుతోంది. ఇరవై ఎనిమిది దాటింది.  ఆగకపోతే గేటు దగ్గర ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?

చప్పుడు లేదు. కుదుపు లేదు. ముల్లు సున్నా మీద పడింది. అరవైలో పోతున్న బండి, కింద నేల జరిగిపోతున్నట్టు, మెల్లమెల్లగా ఆగిపోయింది.

పదకొండు ముప్ఫై నాలుగు.

మణిశంకర్ సెల్ఫ్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇంజను తిరుగుతోంది, అందుకోవడంలేదు. డీజిలు అయిపోయిందేమో అన్నాడు చివరికి.

"డీజిలు అయిపోతే దగ్గుతుందండి, తుళ్ళుతుంది. చక్రాలు ఇంజన్ని తిప్పుతూనే ఉన్నాయి, ముల్లు మాత్రం పడిపోయింది. అంటే ఇంజను తిరగడం మానలేదు. అది తిరుగుతున్నట్టు కంప్యూటరుకి కనపడటం మానేసింది."

గేరుబాక్సు పక్కన బొటనవేలంత సెన్సర్ ఒకటుంటుంది. ఇంజను తిరుగుతోందా, ఎంత తిరుగుతోంది అని కంప్యూటరుకి చెప్పే కన్ను అది. ఆ కన్ను మూసుకుంటే కంప్యూటరు డీజిలు ఆపేస్తుంది. చినబాబు దాని కనెక్టరు ఊడదీసి రెండు కొనలకీ మీటరు ముళ్ళు ఆనించాడు. మీటరు తెర ఎడమవైపు ఒకటి అంకె మాత్రం చూపించి ఊరుకుంది. అంటే లోపల దారి తెగినట్టు. సెన్సరు నుంచి కంప్యూటరు దాకా వైరింగు కూడా చూశాడు. అది శుభ్రంగా ఉంది.

"వైరు తప్పేం లేదండి. సెన్సరే. చల్లగా ఉన్నప్పుడు లోపలి తీగ అతుక్కుని ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది."

"నీళ్ళు కావాలి" అన్నారు వెంకటరాజు గారు.

"ఉపవాసమన్నారుగా" అన్నాడు మణిశంకర్.

ఈలోగా ఉదయ్‌భాస్కర్ తన కారు దగ్గరికి వెళ్ళి ఒక తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి తెచ్చి చినబాబు చేతికిచ్చాడు. చినబాబు దాన్ని సెన్సరు మీద కప్పాడు. ఆవిరి లేచింది. నాలుగు నిమిషాలు గడిచాయి. మీటరులో ఒకటి వణికింది, మాయమైంది, ఎనిమిది వందల డెబ్బై ఓములు వచ్చి నిలబడింది. లోపల తీగ మళ్ళీ అతుక్కుంది. కనెక్టరు తగిలించి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

మణిశంకర్ తనే ఇంజను ఆపి, ఇంకోసారి తిప్పి చూశాడు.

చినబాబు బయలుదేరేముందు కొని తెచ్చిన కొత్త సెన్సరు తీశాడు. బోల్టు విప్పి, పాతదాన్ని అటూ ఇటూ ఆడించి లాగాడు. అది కూర్చునే చోట లోహం మీద మాణిక్యాంబ పెట్టిన కుంకుమ బొట్టు సగం మిగిలింది. మిగతా సగం సెన్సరు మీద ఉండాలి, దాని నిండా నూనె మడ్డి. వెంకటరాజు గారు దాన్ని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నారు. కొత్తది బిగించి, కనెక్టరు నొక్కితే టక్కుమని కూర్చుంది. ఎనిమిది వందల అరవై. బాగానే ఉంది.

"సరేనండి, బండి ఆగింది" అన్నాడు మణిశంకర్. "ఆగిన బండి దగ్గర వాడు ఆయన్ని కొట్టలేదని ఈ ఇనపముక్క చెబుతుందా?"

"చెబుతుంది. నాలుగు యాభై అయిదుకి బయలుదేరారని మాణిక్యాంబ గారే చెప్పారు. ఈ సెన్సరు ఇరవై తొమ్మిది నిమిషాలకు ఆపుతుందని మీరే తోలి చూశారు. అంటే ఐదూ ఇరవై నాలుగు. బూత్ వాడిచ్చిన చీటీ మీద ఐదూ నలభై తొమ్మిది అని ఉంది. మధ్యన రెండు కిలోమీటర్ల నడక. ఉన్నవే ఇరవై అయిదు నిమిషాలు. మనిషిని రాళ్ళలోకి దించి చంపడానికి ఎన్ని మిగిలాయో మీరే చెప్పండి."

"పరుగెత్తి ఉండొచ్చు."

"తొమ్మిదేళ్ళ కిందట లారీ ప్రమాదంలో అతని ఎడమ మోకాలు విరిగింది. లైసెన్సు తిరిగిచ్చేముందు అతన్ని నడిపించి చూసింది నేనే."

మణిశంకర్ వెంటనే ఒప్పుకోలేదు. మరమ్మతు నిజమో కాదో ఇంకో ముప్పావుగంట ఈ బండిని తోలి తేలుస్తానన్నాడు. చినబాబుని ఎక్కించుకున్నాడు. "ఆ ముక్కని మీరే కోర్టుకి పట్టుకురండి. మేజిస్ట్రేటు గారికి మీరే చెప్పుకోండి. నేను మాత్రం చూసింది చూసినట్టు రాస్తాను" అన్నాడు. ఆ చివరి మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో వెంకటరాజు గారికి తెలుసు. మనిషి చెడ్డవాడు కాదు, తొందరపడ్డాడంతే.

తెల్లకారు ఆ ఇరుకు రోడ్డు మీద ముందుకీ వెనక్కీ ఆడి తిరిగి, కాకినాడ వైపు వెళ్ళిపోయింది. ఒంటిగంటకి పది నిమిషాలు.

ఉదయ్‌భాస్కర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. తను కోర్టు దగ్గర దించుతానన్నాడు. ఇక్కడ రోడ్డు ఇరుకు, ముందుకెళ్ళి వెడల్పుగా ఉన్నచోట తిప్పుతానన్నాడు.

కొంతదూరం పోయాక, "ఆ సెన్సరు ఒకసారి ఇస్తారాండి, అక్కకి చూపించి తెస్తాను" అన్నాడు.

"కోర్టయ్యాక చూపిద్దాం బాబూ" అని వెంకటరాజు గారు దాన్ని జేబులోంచి తీసి కండువా కొసతో తుడవసాగారు. మేజిస్ట్రేటు బల్ల మీద పెట్టే వస్తువు, కాస్త శుభ్రంగా ఉండాలి. చేతులకి ఏదో ఒక పని లేకపోతే ఆ పూట కుదురుగా కూర్చోలేకపోతున్నారు కూడా. ఏదో వదిలేశానన్న భావం. సామ్యేలు మాట ఒకటి లోపల గుచ్చుకుంటోంది. మా బండి ఎప్పుడూ చెయ్యలేదండి.

తీగ వేడికి విడిపోవడం ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు. ముందు నెలకోసారి ఆగుతుంది, తర్వాత వారానికోసారి, ఆ తర్వాతే ఇలా గడియారం పెట్టినట్టు ఆగేది. ఎప్పుడూ ఆగని బండిలో ఇంత ముదిరిన సెన్సరు ఎక్కణ్ణుంచి వచ్చింది?

మడ్డి ఊడింది. కింద బొట్టు కనిపించింది. సగం బొట్టే. అంచు దగ్గర తెగిపోయిన అర్ధచంద్రం.

అది కుంకుమ కాదు.

నూనెలో కలిపి పెట్టిన సింధూరం, పండిన నారింజ తొక్క రంగు. ఎర్రటి సగం ఆ తెల్లబండి లోహం మీద ఉంది. ఈ నారింజ సగానికి జత ఇంకో ఇంజను మీద ఉండాలి. ఆయన మెల్లగా తలెత్తారు. ఎదురుగా డాష్‌బోర్డు మీద, స్టీరింగు మధ్యలో, దసరానాటి బొట్లు ఎండి మెరుస్తున్నాయి. అదే నారింజ రంగు. తోలుతున్నవాడి నుదుటి మీదా అదే.

అప్పుడు గుర్తొచ్చింది. తను నీళ్ళు కావాలన్నారంతే. ఎందుకో చెప్పలేదు. పోలీసాయన తాగడానికే అనుకున్నాడు. ఈ అబ్బాయి మాత్రం సీసా తేలేదు. తువ్వాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. ఆ సెన్సరుకి ఆ వైద్యం ఎన్నిసార్లు చేసి ఉంటే చెయ్యి అంత అలవాటుగా మడతలు పెడుతుంది?

బావ బయలుదేరుతున్న సంగతి అక్క నోట విని ఉంటాడు, రెండు బండ్ల సెన్సర్లూ మార్చేశాడు. ఊరు దాటాక, సిగ్నల్ లేని రోడ్డు మీద బండి ఆగుతుంది, డ్రైవరు మెకానిక్ కోసం వెళ్తాడు, పిల్ల చచ్చిపోతున్న ట్యాంకులు చూడబోయే పెద్దిరాజు గారు ఒంటరిగా మిగులుతారు. అంతవరకు అర్థమయ్యాక వెంకటరాజు గారు సెన్సర్ని తొందరపడకుండా కాగితంలో చుట్టి, జేబులో వేసి, గుండీ పెట్టుకున్నారు. సెల్‌ఫోను తీశారు. సిగ్నల్ గీతల చోట ఏమీ లేదు.

కాకినాడ వెళ్తుంటే సముద్రం ఎడమచేతి వైపు ఉండాలి. అది ఇంకా కుడివైపే, ఉదయ్‌భాస్కర్ తల వెనకాలే కదులుతోంది. వెడల్పైన చోట్లు రెండు దాటిపోయాయి.

"బాబూ, తిప్పలేదు" అన్నారు. గొంతు తను అనుకున్నదానికంటే మామూలుగానే వచ్చింది.

"మీరు పొద్దుణ్ణుంచి ఏమీ తీసుకోలేదు కదండీ" అన్నాడు ఉదయ్‌భాస్కర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "హేచరీ దగ్గర కొబ్బరినీళ్ళు తాగి వెళ్దాం. ఇవాళ పనివాళ్ళెవరూ లేరు. నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు."

తలుపుల తాళాలు నాలుగూ ఒక్కసారి టక్కుమని పడ్డాయి.

వెంకటరాజు గారి చూపు ముల్లు మీదికి పోయింది. రెండు వేల దగ్గర నిలకడగా ఉంది, ఒక్క వణుకు లేదు. మాణిక్యాంబ కుంకుమ పెట్టిన సెన్సరు ఈ బానెట్ కిందే ఎక్కడో తన పని తాను చేస్తోంది. దాని మీద సగం ఎర్రబొట్టు ఉంటుంది. సామ్యేలుని విడిపించే రెండో సగం అది. దాన్ని చూపించాలంటే ఈ బండి ఎక్కడో ఒకచోట ఆగాలి.

ఇరవై తొమ్మిదో నిమిషం వచ్చినా ఈ బండి ఆగదు.